ఊఁ కొట్టేవారు ఉంటేనే కథ

పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

కనిగిరి నుండి వచ్చిన మొదటి ఉత్తరానికి జవాబు రాయడానికి కూర్చున్న వారంలోనే, దాదాపు అదే విషయం మీద మరి మూడు ఉత్తరాలు చేరాయి. రాసినవారు ఒకరినొకరు ఎరగరు. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ నాలుగింటికే కేటాయిస్తున్నాను. కుటుంబ సమస్యలను గురించి రాసినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టవలసిందిగా మనవి.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను పాఠశాలలో ఉపాధ్యాయినిని. మా ఎనిమిదేళ్ల బాబు రాత్రి కథ చెప్పనిదే పడుకోడు. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథనే మళ్లీ మళ్లీ చెప్పమంటాడు, అందులో ఒక్క మాట మార్చినా ఒప్పుకోడు. వాణ్ణి విసుక్కుంటాను గానీ నేనూ అంతే. ఆదివారం ప్రసంగంలోని మూడు అంశాలు గుడి గుమ్మం దాటేలోగా మరచిపోతాను, మధ్యలో పాస్టరుగారు చెప్పిన కథ మాత్రం వారమంతా వెంటాడుతుంది. బైబిలులోని రోమా పత్రిక రెండు అధ్యాయాలు చదవబోతే కునికిపాట్లు పడే నేను, సీరియల్ కోసం రాత్రి పదకొండు దాకా మేలుకొని ఉంటాను. ఇది శరీర బలహీనతేనా? లేక దేవుడే మనుషులను కథలకు ఇంత ఆకలిగొన్నవారిగా చేశాడా? చేస్తే ఎందుకు?
– ఒక సోదరి, కనిగిరి

జవాబు: అమ్మా, ముందుగా ఒక జ్ఞాపకం చెప్పనివ్వండి. అది చెప్పకుండా మీ ప్రశ్నకు జవాబు రాయడం నాకు చేతకాదు.

మాది టంగుటూరు దగ్గరి పల్లె. నా చిన్నతనంలో మా నాన్నగారు పొగాకు వేసేవారు. పచ్చాకును కర్రలకు కుట్టి, ఆకు ఆరబెట్టే కొట్టమైన బ్యారన్‌లో వరుసలుగా వేలాడదీసిన తరువాత, అయిదారు రోజులపాటు రాత్రింబవళ్లు పొయ్యి ఆరకుండా చూసుకోవాలి. వేడి కాస్త తగ్గినా, కాస్త హెచ్చినా ఏడాది కష్టం రంగు మారిపోతుంది. ఆ రాత్రులు పొయ్యి దగ్గర కాపలా ఉండే ముసలాయనను మేము పెద్దయ్య అని పిలిచేవాళ్లం. ఆయన నాకూ మా తమ్ముడికీ కాటమరాజు కథ చెప్పేవాడు. కరువు రోజుల్లో ఆవులమందలను తోలుకొని నెల్లూరు సీమ బీళ్లకు వచ్చిన కాటమరాజుకూ, నెల్లూరు రాజు నల్లసిద్ధికీ పుల్లరి (పశువులను మేపుకున్నందుకు కట్టే పన్ను) దగ్గర పుట్టిన తగవు యుద్ధానికి దారితీసిన కథ అది. పెద్దయ్యకు ఒకే ఒక నియమం ఉండేది: మేము ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే మాట మధ్యలోనైనా సరే ఆగిపోయి, లేచి వెళ్లి, పొయ్యిలోకి మొద్దు తోసి, కిటికీ అద్దంలోంచి లోపలి వేడి ఎంత ఉందో చూసి వచ్చి కూర్చునేవాడు. మేము అడిగేదాకా మళ్లీ నోరు విప్పేవాడు కాదు. తమ్ముడు నిద్రపోయిన రాత్రుల్లో ఇద్దరి వంతు ఊఁ నేనే కొట్టేవాణ్ణి.

ఆ ఊఁ కు అర్థమేమిటని పెద్దయిన తరువాత చాలాసార్లు ఆలోచించాను. అది ‘అర్థమయింది’ అన్న మాట కాదు, ‘ఒప్పుకున్నాను’ అన్న మాటా కాదు. ‘ఇక్కడే ఉన్నాను, కానివ్వు’ అని చెప్పడమే అందులో ఉన్నదంతా. ఎక్కాలు అప్పజెప్పేవాడికి ఎవరూ ఊఁ కొట్టరు, ఎందుకంటే ఏడెనిమిదులు యాభయ్యారు తరువాత ఏమి రాబోతుందో అందరికీ తెలుసు. రాబోయేది తెలియని చోటనే, అది తనకు సంబంధించినదై ఉండవచ్చునని మనసులో ఏ మూలనో అనిపించిన చోటనే, మనిషి ఊఁ కొడతాడు.

మా దొడ్లో కట్టేసిన ఒంగోలు గిత్తకు ఆకలి ఉంది, దప్పిక ఉంది, యజమాని అడుగుల చప్పుడు గుర్తుపట్టే జ్ఞానమూ ఉంది. ‘ఆ తరవాతేమైంది?’ అన్న ప్రశ్న మాత్రం దానికి లేదు. ఆ ప్రశ్న మనిషికే ఉంది. ఎందుకున్నదో ప్రసంగి 3వ అధ్యాయం 11వ వచనం నాకు తెలిసినంతలో అన్నిటికంటె సూటిగా చెబుతుంది: “ఆయన శాశ్వతకాల జ్ఞానమును నరుల హృదయమందుంచి యున్నాడుగాని దేవుడు చేయుక్రియలను పరిశీలనగా తెలిసికొనుటకు అది చాలదు.” ఈ వచనంలోని రెండు భాగాలనూ కలిపి చూడండి. మొదలూ చివరా ఉన్నదేదో ఒకటి జరుగుతోందని మనకు తెలుసు, అది మొత్తంగా ఏమిటో తెలియదు. మనం పుట్టేసరికే కథ చాలా దూరం నడిచిపోయి ఉంటుంది, అది ముగియకముందే మనల్ని లేపి తీసుకుపోతారు. వీధిలో నాటకం ఆడుతుండగా నడిరాత్రి వచ్చి కూర్చుని, తెల్లవారకముందే ఎవరో పిలిస్తే వెళ్లిపోయేవాడి పరిస్థితి మనది. మొదలూ తుదీ ఉన్న చిన్న కథ ఏది దొరికినా అంత ఆశగా వినడం అందుకే. కనుక మీ ఆకలి పాపం వల్ల వచ్చినది కాదు. అన్నం కోసం వేసే ఆకలిలాగే అదీ సృష్టికర్త పెట్టినదే.

అయితే ఆకలి మంచిదైనంత మాత్రాన దానికి ఏది పెట్టినా మంచిదే అవుతుందని కాదు. సీరియల్ గురించి మీరే ఎత్తారు కనుక నా అభిప్రాయం చెబుతాను. అందులో అత్తలూ కోడళ్లూ ఉన్నారని నాకు ఫిర్యాదు లేదు, ఆదికాండంలోనూ ఉన్నారు, అక్కడి తగవులేమీ తక్కువవి కావు. నా ఫిర్యాదు వేరు. ‘తరవాతేమైంది’ అన్న ప్రశ్నను రోజూ రేపి, దానికి ఏనాటికీ జవాబు చెప్పకుండా ఉండడమే సీరియల్ బతుకుతెరువు. అది ఆకలిని తీర్చదు, ఆకలినే అమ్ముకుంటుంది. పదకొండింటికి టీవీ కట్టేసినప్పుడు మీకు కలిగే నీరసం ఎక్కడిదో ఆలోచించండి.

ఇక దేవుడు ఈ ఆకలిని ఏం చేశాడన్నది చూడండి. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో కొడుకు తండ్రిని అడుగుతాడు: ఈ శాసనాలేమిటి, ఈ కట్టడలేమిటి, ఈ విధులేమిటి? మనమైతే ఒక్కొక్క విధికి ఒక్కొక్క కారణం చెప్పుకొస్తాం. అక్కడ తండ్రి చెప్పవలసిన జవాబు కారణంతో మొదలుకాదు, మనము ఐగుప్తులో ఫరోకు దాసులమై ఉంటిమి అన్న కథతో మొదలవుతుంది. ‘మనము’ అన్న మాట మీద వేలు పెట్టి ఆగండి. ఆ జవాబు చెప్పబోయే తరతరాల తండ్రుల్లో ఐగుప్తు ముఖం చూసినవాళ్లు ఎందరు? ‘వారు’ అనవలసిన చోట ‘మనము’ అనిపించగల శక్తి కథకు ఉన్నంతగా మరిదేనికీ లేదు.

మరొక శక్తి కూడా ఉంది. రెండవ సమూయేలు 12వ అధ్యాయంలో పొరుగువాని భార్యను తీసుకొని, అతణ్ణి చంపించిన దావీదు రాజు ముందు నాతాను ప్రవక్త నిలబడినప్పుడు పది ఆజ్ఞలలో మూడింటిని వరుసగా చదివి వినిపించవచ్చు. నరహత్య చేయకూడదనీ, వ్యభిచరించకూడదనీ, పొరుగువాని భార్యను ఆశించకూడదనీ దావీదుకు తెలియక కాదు. నాతాను ఒక గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. అది పేదవాని చేతిముద్దలు తిన్నది, వాని గిన్నెలోది తాగింది, వాని కౌగిట పడుకున్నది, వానికి కూతురులా ఉన్నది. మన మెట్ట ఊళ్లలో మేకపిల్లను అలా పెంచుకున్న ఇల్లు చూడనివారెవరు? ఒక ధనవంతుడు దాన్ని లాక్కొని తన అతిథికి వండించాడని వినగానే రాజు మండిపడ్డాడు, తీర్పు చెప్పేశాడు. ముద్దాయి తానేనని ఆ తరువాతే తెలిసింది. ఈ భాగం మొదటిసారి చదివినప్పుడు నాకు పెద్దయ్య కాటమరాజు కథలో చెప్పిన నెల్లూరు రాజు సేనాని ఖడ్గ తిక్కన గుర్తుకొచ్చాడు. యుద్ధంలో వెన్నిచ్చి ఇంటికి చేరిన తిక్కనను భార్య పల్లెత్తు మాట అనలేదట. ఆడవారికి పెట్టినట్టు స్నానానికి మంచం అడ్డుపెట్టి, నీళ్ల పక్కన పసుపు ముద్ద ఉంచిందట. అంతే. అతను తిరిగి యుద్ధానికి పోయి అక్కడే పడిపోయాడు. సరిగ్గా ఆ మంచం దగ్గర కథ ఆపి పెద్దయ్య కట్టెలు తోయడానికి లేచిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే. ఆ పసుపు ముద్ద తిక్కనను చావుకు పంపింది, నాతాను గొఱ్ఱెపిల్ల దావీదును పశ్చాత్తాపానికి పంపింది. ఆ తేడా చిన్నది కాదు. కానీ నేరుగా చెబితే తలుపు వేసుకునే మనసులోకి రెండూ ప్రవేశించిన దారి ఒక్కటే.

మీ బాబు ఒక్క మాట మార్చనివ్వడని రాశారు. మార్చకండి. వాడు సమాచారం కోసం వినడం లేదు. తప్పిపోయిన కుమారుడు ఈ రాత్రి కూడా ఇంటికి చేరతాడా, తండ్రి ఈ రాత్రి కూడా పరుగెత్తి ఎదురొస్తాడా అని చూసుకుంటున్నాడు. చేరాడని రూఢి అయిన తరువాతే నిద్రపోతాడు. కథ చివర నీతి కూడా చెప్పకండి. ప్రభువు ఆ ఉపమానాన్ని ఎక్కడ ఆపాడో గమనించారా? తండ్రి బయటికి వచ్చి పెద్దకొడుకును బతిమాలుతుంటాడు, వాడు లోపలికి వెళ్లాడో లేదో లూకా 15లో లేదు. యోనా గ్రంథమైతే ఏకంగా దేవుడు అడిగిన ప్రశ్నతోనే ముగుస్తుంది. ఆ ఖాళీలో ఊఁ కొట్టవలసింది వినేవాడే.

రోమా పత్రిక గురించి ఒక్క మాట. అది కథ తెలిసినవారికి రాసిన ఉత్తరం. 4వ అధ్యాయం చదివే రోజు ముందుగా ఆదికాండంలో అబ్రాహాము కథ 15 నుండి 22 దాకా చదివి చూడండి, కునుకు రాదు.

మన పెద్దలు కథ ముగించేటప్పుడు ‘కథ కంచికి, మనం ఇంటికి’ అనేవారు. నెల్లూరు సీమవాళ్లకు కంచి అంత దూరమేమీ కాదు గనుక చిన్నప్పుడు నాకు ఆ మాటలో వింత కనబడలేదు. రెండో సగం మీదనే నాకు అనుమానం ఉండేది: మనం ఇంట్లోనే, పొయ్యి పక్కనే కూర్చుని ఉంటే ఇంకే ఇంటికి పోవాలి? హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసులు తాము భూమి మీద పరదేశులమనీ యాత్రికులమనీ ఒప్పుకొన్నారనీ, అలా చెప్పేవారు తమ స్వదేశాన్ని వెదకుతున్నారనీ చదివినప్పుడు, ఆ పాత అనుమానానికి అక్కడొక జవాబు ఉన్నదనిపించింది.

ప్రశ్న: “అపవిత్రములైన ముసలమ్మ ముచ్చటలను విసర్జించి” అని 1 తిమోతి 4:7లోను, సత్యమునకు చెవినియ్యక కల్పనాకథలవైపు తిరుగు కాలము వచ్చునని 2 తిమోతి 4:4లోను అపొస్తలుడైన పౌలు స్పష్టంగా హెచ్చరించాడు. నేటి ప్రసంగాలలో కథలే ఉన్నాయి, వాక్యం లేదు. మీ పత్రికలో సైతం కథలకు పేజీలు పెంచుతున్నారు. ఇది లేఖన విరుద్ధం కాదా?
– ఒక సంఘపెద్ద, కోవూరు

జవాబు: మీ బాధలో సగాన్ని నేనూ పడుతున్నాను కనుక ముందు దానితోనే మొదలుపెడతాను. రైలు వంతెన కాపలాదారు ప్రయాణికులను కాపాడడానికి తన సొంత కొడుకును పోగొట్టుకున్నాడన్న కథ మీరు కూడా వినే ఉంటారు. నేను ఆ కథను ఒక సభలో ఐరోపాలో జరిగినదిగా విన్నాను. ఏడాది తిరగకముందే మరొక సభలో అదే కథ మన పెన్న వంతెన మీద జరిగింది, కాపలాదారు పేరు కూడా తెలుగు పేరైంది. చెప్పిన సేవకుడు కన్నీళ్లు పెట్టుకున్నారు, వినేవాళ్లూ పెట్టుకున్నారు. బయటికి వచ్చిన తరువాత, ఇది ఏ సంవత్సరంలో జరిగిందండీ అని అడిగిన ఒక కుర్రవాణ్ణి పక్కవాళ్లు గద్దించారు. నా దృష్టిలో ఆ సభ మొత్తంలో సత్యానికి మర్యాద ఇచ్చింది ఆ కుర్రవాడొక్కడే.

అయితే పౌలు మాటను మీరు ఆపిన చోట నేను ఆపలేను. అదే పౌలు, అదే తిమోతికి రాసిన రెండవ పత్రికలో, మొదటి అధ్యాయం 5వ వచనంలో, నీలో ఉన్న నిష్కపటమైన విశ్వాసం మొదట నీ అవ్వయైన లోయిలోను, నీ తల్లియైన యునీకేలోను వసించిందని జ్ఞాపకం చేస్తాడు. బాల్యం నుండి పరిశుద్ధ లేఖనాలను నీవెరుగుదువని 3వ అధ్యాయంలో అంటాడు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతోంది. మరి ఆ పసివాడికి లేఖనాలు నేర్పిందెవరు? గ్రంథపు చుట్టలు ఇంటింటా ఉండే కాలం కాదది. అబ్రాహామునూ యోసేపునూ దావీదునూ ఆ ముసలమ్మ నోటిమీదుగానే చెప్పి ఉంటుందని నా నమ్మకం. కాబట్టి పౌలు వద్దన్నది ముసలమ్మలనూ కాదు, ముచ్చట్లనూ కాదు. మొదటి పత్రిక ఆరంభంలోనే ఆయన కల్పనాకథలను, మితములేని వంశావళులను కలిపి పేర్కొని, అవి వివాదాలకే పనికివస్తాయన్నాడు. అక్కడ ఉన్న వ్యాధి అది.

కల్పితమైన కథ చెప్పడం అబద్ధమాడడం కాదు. “ఒక మనుష్యునికి ఇద్దరు కుమారులుండిరి” అని ప్రభువు మొదలుపెట్టినప్పుడు ఆ మనుష్యునిది ఏ ఊరని ఎవరూ అడగలేదు, ఆయనా అది ఫలానా ఊళ్లో జరిగిందని చెప్పలేదు. అబద్ధం కథలో ఉండదు, దాని మీద అంటించే చీటీలో ఉంటుంది. ఏవో బియ్యం మంచివే అయినా వాటిని పేరున్న మొలగొలుకుల బియ్యమని చెప్పి అమ్మితే మోసమే కదా, నెల్లూరు జిల్లావారికి ఇంతకంటె వివరంగా చెప్పనక్కరలేదు.

జరిగిన కథ వేరు, దానిని పరీక్షించుకోవచ్చు. పేతురు కూడా, చమత్కారంగా కల్పించిన కథలను అనుసరించి కాదు, కన్నులారా చూచినవారమై తెలిపామన్నాడు. మన ప్రాంతంలోనే చూడండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఇప్పుడు ప్రార్థన కొండ అని పిలిచే కొండ మీద మోకరించినవారు అయిదుగురు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు జూలియమ్మ, మరి ఇద్దరు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు ప్రార్థించారు. మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు చేరింది 1866లో, అంటే ఆ అయిదుగురి ప్రార్థనకు పన్నెండేళ్ల తరువాత. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చింది దొరగారు కాదు, తెలుగు బోధకులు. ఇటువంటి కథలో తేదీ ఉంటుంది, నది ఉంటుంది, ‘ఎవరు’ అంటే జవాబు ఉంటుంది. పన్నెండేళ్లు ఏమీ జరగలేదన్న ఇబ్బందికరమైన నిజం కూడా ఉంటుంది. కన్నీళ్ల కోసం అల్లిన కథల్లో ప్రార్థనకు జవాబు సాధారణంగా ఆ సాయంత్రమే వచ్చేస్తుంది.

పత్రికలో కథల పేజీలు పెంచిన మాట నిజమే. తగ్గించమని సంపాదకులకు నేను చెప్పను.

ప్రశ్న: మాది ఒంగోలు పక్క పల్లె, డిగ్రీ చదువుతున్నాను. మా ఊళ్లో తోలుబొమ్మలాట ఆడినప్పుడు చూడటానికి మా ఇంట్లో వెళ్లనివ్వలేదు, అన్యుల కథలన్నారు. మా కాలేజీ స్నేహితుడు ఇంకొక మాట అంటాడు: చనిపోయి తిరిగి లేచిన దేవుళ్ల కథలు ఎన్నో జాతులకు ఉన్నాయి, మీ క్రీస్తు కథ వాటిలో మరొకటి మాత్రమే. ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి, వాడికేం చెప్పాలి?
– ఒక యువ పాఠకుడు

జవాబు: మీ స్నేహితుడు గమనించింది సరైనదే బాబూ, తేల్చింది మాత్రం తొందరపాటు. ఇదే వాదనతో చాలాకాలం క్రైస్తవ్యానికి దూరంగా ఉన్నవాడు ఆక్స్‌ఫర్డులో పాఠాలు చెప్పిన రచయిత సి. ఎస్. లూయిస్. ఆయనకు చిన్నతనం నుండి ఉత్తర ఐరోపా పురాణగాథలంటే ప్రాణం. చచ్చిపోయే దేవుని కథ ఏ జాతిదైనా చదివి కదిలిపోయేవాడు, సువార్తలో అదే చదివితే కదిలేవాడు కాదు. 1931 సెప్టెంబరు 19 రాత్రి ఇద్దరు మిత్రులు, టోల్కీన్, డైసన్ అనేవారు, ఆయనతో కాలేజీ తోటలో నడుస్తూ చాలా పొద్దుపోయేదాకా మాట్లాడారు. ఆ మరుసటి నెలలో లూయిస్ తన చిన్ననాటి నేస్తానికి రాసిన ఉత్తరంలో, క్రీస్తు కథ మిగిలిన పురాణాలలాగే మన మీద పనిచేస్తుందనీ, అయితే ఇది నిజంగా జరిగిందన్నదే ఆ పెద్ద తేడా అనీ రాశాడు. అన్ని జాతులవాళ్లూ ఒకే కల కంటున్నారంటే, కల కాబట్టి అబద్ధమని అనవచ్చు. అందరికీ ఒకే దాహం ఉందంటే నీళ్లు ఎక్కడో ఉన్నాయనీ అనవచ్చు. దాహాన్ని చూపించి నీళ్లు లేవని రుజువు చేయడం మాత్రం కుదరదు.

తేడా ఎక్కడుందో అతనికి ఒక తెలుగు మాటతో చూపించండి. కథలన్నీ ‘అనగనగా’ అని మొదలవుతాయి. లూకా 3వ అధ్యాయం ఎలా మొదలవుతుందో చదివి వినిపించండి: తిబెరి కైసరు ఏలుబడిలో పదునైదవ సంవత్సరమందు, యూదయకు పొంతి పిలాతు అధిపతిగా ఉన్నప్పుడు. పిలాతు క్రీ.శ. 26 నుండి 36 వరకు అక్కడ అధికారం చేసిన రోమా ఉద్యోగి. కొన్ని సంఘాలలో ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు ఆ ఉద్యోగి పేరు కూడా చెబుతారు. చిన్నప్పుడు నాకిది విడ్డూరంగా ఉండేది, అంత పవిత్రమైన మాటల మధ్య అతని పేరెందుకని. కథ అనగనగా లోకంలోంచి దిగివచ్చి ఒక కచేరీ రికార్డులో తేలిన చోటు అదేనని తరువాత తెలిసింది.

ఇక మీ ఇంటివారి మాట. పెద్దలు చెప్పినందుకు మీరు వెళ్లకపోవడం మంచిపనే, దానిలో తప్పు పట్టను. పూజలో పాల్గొనడమూ కథ వినడమూ ఒకటి కాదని మాత్రం వారితో నెమ్మదిగా మాట్లాడవచ్చు. ఏథెన్సులో నిలబడిన పౌలు, “మీ కవీశ్వరులలో కొందరు చెప్పుచున్నారు” అంటూ గ్రీకు కవుల మాటను ఎత్తుకొన్నాడంటే, ఆ కవిత్వాన్ని ఎప్పుడో శ్రద్ధగా విని ఉంటేనే కదా.

అంతకంటె మన నేల సంగతి ఒకటి చెబుతాను. నన్నయ పదకొండవ శతాబ్దంలో భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. పదమూడవ శతాబ్దంలో నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని కవి తిక్కన విరాటపర్వం దగ్గర అందుకొని పదునైదు పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వపు ముక్కను పద్నాలుగవ శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలోని ఎర్రన పూర్తిచేశాడు. లెక్కవేసుకోండి, దాదాపు మూడు వందల ఏళ్లు. ఒక జాతి అంతకాలం ఊఁ కొడుతూ, తరవాతేమైందని అడుగుతూ కూర్చున్నది. ఆ కథను పూర్తిచేసిన ఇద్దరూ మన దిక్కువాళ్లే. ఇంత ఓపికగల ఆకలిని చూసి క్రైస్తవుడు వెక్కిరించడం ఎలా సబబో నాకు అర్థం కాదు. శాశ్వతకాల జ్ఞానాన్ని నరుల హృదయంలో ఉంచాడన్న వచనంలో ‘నరుల’ అన్న మాట ఉంది, ‘విశ్వాసుల’ అని లేదు.

క్లౌ దొరగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ మర్యాద ఎరిగినవారు. ఒంగోలు ప్రాంతపు మాదిగ పెద్దలు తమ పుట్టుక గురించి, తమ దేవతల గురించి, తమ గురువుల గురించి చెప్పుకునే కథలను కూర్చుని విని, 1899లో ఒక ఇంగ్లీషు పుస్తకంగా అచ్చు వేయించారు. అప్పటికి ఆ కుటుంబాలలో చాలామంది క్రైస్తవులు. వారి పాత కథలను తుడిచివేయడం తన పని అని ఆమె అనుకోలేదు.

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై దాటాయి. ధాత కరువులో మా పూర్వీకులు కాలువ తవ్విన కథ తన తాతగారి నోట విన్నానని రోజూ చెబుతారు. పిల్లలు ఆయన మొదలుపెట్టగానే లేచిపోతున్నారు. నాకూ విసుగే. ఎన్నిసార్లని వినాలి?
– ఒక కుమారుడు, ఉలవపాడు

జవాబు: ఐగుప్తు దాస్యం నుండి విడుదలను తలచుకునే పస్కా పండుగ రాత్రి ఇశ్రాయేలీయులు ఒకే కథను ఏడాదికొకసారి చొప్పున వేల సంవత్సరాలుగా వింటున్నారు. మీ వంతు అంతకంటె ఎక్కువేమీ కాలేదు. అయినా మీ విసుగును తప్పుపట్టను. విసుగు ఎందుకు పుడుతోందంటే, ఆయన చెప్పేది మీరు విడిచిపెట్టిన చోటనే ఆగిపోతోంది, మీరు ప్రశ్న అడగడం లేదు.

మీ నాన్నగారు చెప్పే ఆ ధాత కరువులో, అంటే 1876–78లో, క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని చూపించారు. బోధకులే ఆ తవ్వకం దగ్గర మేస్త్రీలుగా ఉంటూ, పనివాళ్లు కూర్చున్న వేళల్లో వారి మధ్య కూర్చుని సువార్త కథలు చెప్పేవారు. మీవాళ్లు తవ్వింది ఆ ముక్కనో, మరొకరి కాంట్రాక్టులోని ముక్కనో నాన్నగారిని అడగండి. మట్టి గంపలతో మోశారా, ఆడవాళ్లు కూడా మోశారా, కూలి రోజుకిచ్చారా వారానికిచ్చారా, మధ్యాహ్నం ఏమి తిన్నారు, నీళ్లు ఎక్కడివి తాగారు, దారిలో చనిపోయినవాళ్లను ఎక్కడ పూడ్చారు, బోధకుడు చెప్పిన కథల్లో ఏది ఆయన తాతగారికి గుర్తుండిపోయింది? వీటిలో రెండింటికి కూడా మీకు జవాబు తెలియదని పందెం వేస్తాను.

ఈ రాత్రి ఆయన మొదలుపెట్టినప్పుడు టీవీ కట్టేసి ఊఁ కొట్టండి. పిల్లల్లో ఒకరిని నోటుపుస్తకం పట్టుకొని పక్కన కూర్చోమనండి. ఆయన వాడిన మాటను దిద్దకుండా, ఉన్నదున్నట్టు రాయించి మాకు పంపండి. పేజీలు ఎన్నైనా ఫర్వాలేదు.